పాటకున్న రక్షణ మనిషి ముఖానికి లేదా? సామాజిక మాధ్యమ వేదికల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సామాజిక మాధ్యమ వేదికల నిర్వాహకులకు, గోప్యతా చట్టాలను రూపొందించే శాసనకర్తలకు, దారిలో కంటబడిన వారిని ఫోన్‌లో తీసి పదిమందికీ పంచే వారికి నమస్కారం.

విషయం: బహిరంగ ప్రదేశాల్లో అపరిచితులను వారి అనుమతి లేకుండా చిత్రీకరించి ఇంటర్నెట్‌లో పంచడం, దానిపై చేసిన ఫిర్యాదులను పట్టించుకోకపోవడం గురించి.

ఆరు ఫిర్యాదులు చేశాము. అయిదింటికి యంత్రం పంపిన జవాబులే వచ్చాయి, ఆరోదానికి అదీ రాలేదు. ఇక అందరి ముందూ అడగడం తప్ప దారి లేక ఈ లేఖ రాస్తున్నాను. మాకు అన్యాయం చేసిన వేదిక పేరు గాని, ఆ వీడియో తీసిన వ్యక్తి ఖాతా పేరు గాని ఇందులో రాయడం లేదు. ఒకరిని నలుగురిలో నిలబెట్టి రాళ్లు వేయించడం నా ఉద్దేశం కాదు. నేను అడుగుతున్నది నియమం మార్చమని.

మా నాన్నగారు ఆసుపత్రిలో కన్నుమూసిన ఉదయం, నేను లోపల కాగితాల మీద సంతకాలు పెడుతుండగా, మా అక్క బయటి మెట్ల మీద కూర్చుని బంధువులకు ఫోన్ చేసి ఆ మాట చెబుతూ ఏడ్చింది. ఎదురుగా ఉన్న ఎవరో ఆమెను 19 సెకన్ల పాటు తీశారు. దానికొక విరహగీతం తగిలించి, ‘వాడు వదిలేశాడట, పాపం’ అని పైన రాసి, నవ్వే బొమ్మలు పెట్టి లోకం మీదికి వదిలారు. నాలుగో రోజున పరామర్శకు వచ్చిన వారిలో ఒక అమ్మాయి తన ఫోన్ వైపు, అక్క ముఖం వైపు మార్చి మార్చి చూస్తుంటే విషయం మాకు తెలిసింది. అప్పటికే లక్షల మంది చూశారు. కింద వందల కామెంట్లు ఉన్నాయి. ఆమె వయసు గురించి, రూపం గురించి, వదిలేసి పోయాడని వాళ్లే కల్పించుకున్న ఆ మనిషి గురించి ఎవరికి తోచింది వారు రాశారు. చనిపోయినది తండ్రి అని వారిలో ఒక్కరికీ తెలియదు.

ఈ సంగతి అక్క అనుమతితోనే రాస్తున్నాను. ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో కూడా ఆమే చెప్పింది.

మొదటి ఫిర్యాదు నేను చేశాను. వీడియోలో ఉన్న వ్యక్తే ఫిర్యాదు చేయాలని తిప్పిపంపారు. తండ్రిని పోగొట్టుకున్న వారం తిరగకముందే, ఆ వీడియోను ఆమె మళ్లీ తెరిచి, ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను వరకు తన ముఖం కనబడుతున్నదో చూసి రాయవలసి వచ్చింది. తాను తానేనని నిరూపించుకోవడానికి గుర్తింపు పత్రాన్ని, కొత్తగా దిగిన ఫొటోను పంపవలసి వచ్చింది. అనుమతి లేకుండా తన ముఖం బయటికి వెళ్లిందని మొరపెట్టుకున్న మనిషిని మరో ముఖం ఇమ్మని అడిగారు. అంతా ఇచ్చాక వచ్చిన జవాబు ఇది: ‘ఈ వీడియో బహిరంగ ప్రదేశంలో తీసినది కనుక మా నియమాలకు విరుద్ధంగా లేదు.’

ఆ తర్వాత రెండు వారాలకు ఆ వీడియోలో ఒక మార్పు కనిపించింది. పాట మాయమైంది. హక్కుదారుల కారణంగా శబ్దాన్ని తొలగించినట్లు కింద ఒక గమనిక వచ్చింది. పాట యజమాని మా అక్కలాగా సెకన్లు లెక్కపెట్టి రాసి ఉండరు, కొత్తగా ఫొటో దిగి పంపి ఉండరు. యంత్రమే పాటను పోల్చుకుంది, యంత్రమే తీసేసింది. ఏడుస్తున్న ముఖం మాత్రం శబ్దం లేకుండా అక్కడే ఉంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

మీరిచ్చిన జవాబులో రెండు వేర్వేరు పనులు ఒకటిగా కలిసిపోయాయి. దారిన పోయేవారి కంటబడడం వేరు, ఒకరు మనల్ని పట్టుకెళ్లి లోకానికి చూపించడం వేరు. మెట్ల మీద కూర్చున్నప్పుడు అటుగా వెళ్లే ఇరవై ముప్ఫై మంది తనను చూస్తారని అక్కకు తెలుసు. వారిలో కొందరు తల తిప్పుకుంటారు, ఒకరిద్దరు నీళ్లు కావాలా అని అడుగుతారు, సాయంత్రానికి అందరూ మరచిపోతారు. మనిషి నలుగురిలోకి అడుగుపెట్టేటప్పుడు ఒప్పుకునేది ఈ మేరకే. లక్షల మంది, ఎన్నేళ్లయినా, ఎన్నిసార్లయినా, అబద్ధపు శీర్షిక కింద చూడడానికి ఎవరూ ఒప్పుకుని బయటికి రారు.

ఇది నా సొంత వాదన కాదు, న్యాయస్థానాలు ఎప్పుడో చెప్పినదే. 1995లో ఇంగ్లండులో తీవ్రమైన మనోవేదనలో ఉన్న ఒక వ్యక్తి చేతిలో కత్తితో రాత్రివేళ వీధిలో తిరుగుతుండగా స్థానిక సంస్థ నిఘా కెమెరా కంటబడ్డాడు. కెమెరా చూస్తున్న ఉద్యోగి పోలీసులకు చెప్పడంతో సాయం అందింది, ప్రాణం నిలిచింది. అంతవరకు ఆ కెమెరా చేసినది మేలే. తర్వాత ఆ సంస్థ ఆ దృశ్యాలను పత్రికలకు, టీవీలకు ఇచ్చింది. ముఖం సరిగా కప్పకపోవడంతో తెలిసినవారు ఆయనను గుర్తుపట్టారు. 2003లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. వీధిలో ఉన్నంత మాత్రాన, దారిన పోయే మనిషి చూడగలిగిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందికి ఆ క్షణాన్ని చూపించడం న్యాయం కాదన్నది ఆ తీర్పు సారాంశం. చిత్రీకరణలో తప్పు లేకపోయినా ప్రచురణలో తప్పు ఉండవచ్చని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

1998లో కెనడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులోనూ ఒక అమ్మాయి మెట్ల మీదే కూర్చుని ఉంది. 17 ఏళ్ల ఆ అమ్మాయి ఫొటోను ఒక కళాపత్రిక ఆమె అనుమతి లేకుండా ప్రచురించింది. ఆ ఫొటోలో అవమానకరమైనదేమీ లేదు. అయినా ఆమెకు 2,000 డాలర్ల పరిహారం ఇవ్వాలన్న కింది కోర్టుల నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యతను వదులుకున్నట్లు కాదని, అది స్థలాన్ని కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని ప్రధాన అభిప్రాయంలో స్పష్టంగా చెప్పారు. మీ నియమాలు మాత్రం ఇప్పటికీ స్థలాన్నే చూస్తున్నాయి.

ఇందువల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని కింద వివరిస్తున్నాను. ఇందులో కొంత మా ఇంట్లో చూసినది, కొంత లోకానికి తెలిసినది.

1. మొదటి నష్టం పైకి కనిపించదు. అక్క ఇప్పుడు బయట ఉన్నప్పుడు ఫోన్ ఎత్తదు. ఎవరైనా చేతిలో ఫోన్ నిలువుగా పట్టుకుని నిలబడితే దారి మార్చుకుని వెళుతుంది. ఇలాంటివారు ఎందరో ఉంటారు. తూలిపడినవారు, మూర్ఛ వచ్చినవారు, లావుగా ఉన్నవారు, వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవారు, నడక సరిగా లేనివారు, మానసిక అనారోగ్యంతో నడివీధిలో తమలో తాము మాట్లాడుకునేవారు, నిద్ర ఆపుకోలేక రైలులో నోరు తెరిచి నిద్రపోయినవారు. వీరంతా ఎవరికో నవ్వు పుట్టించే సరుకుగా మారిపోతున్నారు. ఎవరైనా తీస్తారేమోనన్న భయంతో మనిషి నలుగురిలో తిరగడమే తగ్గించుకుంటే, ఆ నష్టం ఏ ఫిర్యాదు పత్రంలోనూ నమోదు కాదు. ఆసుపత్రికి, న్యాయస్థానానికి, ఊరేగింపుకు వెళ్లడానికి వెనకాడేవారి లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

2. దాక్కుని బతకవలసిన వారున్నారు. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ, వెంటపడి వేధించేవాడి నుంచి తప్పించుకోవడానికి ఊరు మారిన అమ్మాయి, రక్షణ కోసం కొత్త ఇంట్లో చేర్చిన పసివాడు. వీరు ఎవరి వీడియోలోనూ ముఖ్యపాత్రలు కానక్కర్లేదు, వెనక నడిచి వెళ్లినా చాలు. ముఖం ఒకచోట, దుకాణం పేరో రోడ్డు పేరో ఇంకోచోట కనబడితే వెతికేవాడికి దారి దొరికినట్లే. సరదాకు తీసినవారికి ఆ సంగతి తెలియదు, తెలిసే వీలూ లేదు. అందుకే ముఖాలను మసకబరచడం తీసేవారి మంచితనానికి వదిలేయవలసిన పని కాదు.

3. విచారణ లేని శిక్షలు పడుతున్నాయి. 2005లో దక్షిణ కొరియా మెట్రో రైలులో తన కుక్క చేసిన మలినాన్ని శుభ్రం చేయని ఒక యువతి ఫొటో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. ఆమె తప్పు చేసిన మాట నిజం. ఆ తప్పుకు తగిన శిక్ష ఏదైనా ఉంటే అది చిన్న జరిమానా. కొద్ది రోజుల్లోనే ఆమె ఎవరో వెతికి పట్టుకుని, దేశమంతా ఆమెను దూషించింది. చేసిన తప్పుకు, పడిన శిక్షకు పొంతన లేదు. తప్పు చేయనివారికీ ఇదే గతి పట్టవచ్చు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత, గుంపు ఫొటోలను జల్లెడపట్టిన నెటిజన్లు ఏ సంబంధమూ లేని, అప్పటికే కనబడకుండా పోయిన ఒక విద్యార్థిని నిందితుడిగా ప్రచారం చేశారు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఆ కుటుంబం ఆ నిందను కూడా మోయవలసి వచ్చింది. ఆ విద్యార్థి అప్పటికే చనిపోయాడని తర్వాత తెలిసింది. ఆ చర్చ సాగిన రెడిట్ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అటువంటి క్షమాపణ వల్ల ఆ కుటుంబానికి ఒరిగేది ఏమీ ఉండదు.

4. దయ పేరుతో జరిగేది కూడా హానే. 2022లో ఆస్ట్రేలియాలో ఒంటరిగా కూర్చున్న ఒక పెద్దావిడ చేతిలో ఒక యువకుడు పూలగుత్తి పెట్టి, ఆ దృశ్యాన్ని టిక్‌టాక్‌లో పంచాడు. కోట్ల మంది చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ మాత్రం తన ప్రశాంతతను భంగపరిచారని, తనను మనిషిగా చూడలేదని తర్వాత వార్తాసంస్థతో చెప్పింది. ఆమె దుఃఖంలో ఉందని గాని, ఒంటరిదని గాని ఆ యువకుడికి ఎవరు చెప్పారు? వయసు మీరిన స్త్రీ ఒంటరిగా కూర్చుంటే జాలిపడవలసినదేనని కోట్ల మంది అనుకున్నారు. ఇక రోడ్డు పక్కన నిద్రించేవారి చేతిలో నోటు పెట్టి కెమెరా వైపు తిప్పి నిలబెట్టే వీడియోల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆకలితో ఉన్నవారు ‘సరే’ అన్నది డబ్బుకా, వీడియోకా? కాదంటే సాయం ఆగిపోతుందన్న భయం ఉన్నచోట ఇచ్చే అనుమతిని అనుమతి అనలేము.

5. పిల్లల విషయం చిన్నదిగానే చెప్పినా బరువైనది. పదేళ్ల పిల్లవాడు నడివీధిలో మారాం చేసిన అరనిమిషం, అతను ఉద్యోగానికి వెళ్లే వయసులోనూ దొరుకుతుంది. అతని పక్షాన అప్పుడు ఎవరూ ‘సరే’ అనలేదు.

6. ముఖమే చిరునామాగా మారుతున్న కాలం ఇది. ఒకప్పుడు పేరు తెలియని ముఖం గుంపులో కలిసిపోయేది. 2020 జనవరిలో, క్లియర్‌వ్యూ ఏఐ అనే సంస్థ ఇంటర్నెట్ నుంచి 300 కోట్లకు పైగా ఫొటోలు ఎవరినీ అడగకుండా సేకరించి, ముఖాన్ని బట్టి మనిషిని వెతికిపెట్టే యంత్రాన్ని తయారుచేసిందని బయటపడింది. ఐరోపాలో పలు దేశాల అధికారులు ఆ సంస్థకు జరిమానాలు విధించారు. 2024లో నెదర్లాండ్స్ విధించినది 3.05 కోట్ల యూరోలు. అదే ఏడాది ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు, కెమెరా ఉన్న స్మార్ట్ కళ్లద్దాలను ముఖాల వెతుకులాట యంత్రానికి కలిపితే, ఎదురుగా ఉన్న అపరిచితుల పేర్లు, వివరాలు అప్పటికప్పుడు ఎలా తెలిసిపోతాయో హెచ్చరికగా చేసి చూపించారు. మీ వేదికలో ‘ఎవరో ఒక అమ్మాయి’గా ఉన్న మా అక్క, ఇలాంటి యంత్రం ముందు ‘ఎవరో’గా మిగలదు.

ఇక చట్టాల సంగతి. ఫొటో తీసినవారికి ఆ ఫొటో మీద హక్కు పుడుతుంది, అందులో ఉన్నవారికి పుట్టదు. అందుకే కాపీరైట్ దారిలో వెళ్లి వీడియోను తీయించడం అక్కకు సాధ్యం కాలేదు. గోప్యతను కాపాడే శిక్షాచట్టాలు చాలావరకు శరీరం దగ్గరే ఆగిపోయాయి. భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ శరీరపు గోప్య భాగాల చిత్రాలకే వర్తిస్తుంది. 2025 మేలో అమెరికా చేసిన చట్టం అనుమతి లేని నగ్న, సన్నిహిత చిత్రాలను ఫిర్యాదు అందిన 48 గంటల్లో తొలగించాలని వేదికలను ఆదేశించింది. ఆ రక్షణలు ఎంతో అవసరమైనవి, వాటి కోసం పోరాడినవారికి మనమంతా రుణపడి ఉన్నాము. అయితే మనిషికి సిగ్గు ఒంటి మీద బట్ట లేనప్పుడే కలుగుతుందా? తండ్రి శవం లోపల ఉండగా బయట కూర్చుని ఏడ్చే ముఖం కూడా పరాయివారు చూడకూడనిదే. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలలో మరో సందు ఉంది. 2023 నాటి భారత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. ఐరోపా నిబంధనలలోనూ ఇటువంటి మినహాయింపు ఉంది. కాని లెక్కలేనంత మందికి అందుబాటులో ఉండేలా ఇంటర్నెట్‌లో పెట్టినది ఇంటి వ్యవహారం కాజాలదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2003లోనే స్పష్టం చేసింది. ఈ స్పష్టత ప్రతి దేశపు చట్టంలోనూ అక్షరాలా ఉండాలి.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. 1898లో జర్మనీ మాజీ ప్రధాని బిస్మార్క్ మరణించినప్పుడు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు రహస్యంగా గదిలోకి చొరబడి మృతదేహాన్ని ఫొటో తీశారు. ఆ కలకలం తర్వాత 1907లో వచ్చిన జర్మన్ చట్టం, మనిషి చిత్రాన్ని అతని అనుమతితోనే ప్రచారం చేయాలని చెప్పింది. ఊరేగింపులు, సభలు, దృశ్యంలో యాదృచ్ఛికంగా కనబడే మనుషులు, ప్రజా జీవితంలోని వ్యక్తులు వంటి మినహాయింపులను కూడా ఆ చట్టమే రాసింది. కెమెరా కొద్దిమంది చేతుల్లోనే ఉన్న రోజుల్లో గీయగలిగిన గీతను, ప్రతి జేబులో కెమెరా ఉన్న ఈ రోజుల్లో గీయలేమని ఎలా అనగలము?

అనుమతి లేని వీడియోలను ఆపితే అధికారుల అన్యాయాలు బయటికి రావన్న ముఖ్యమైన అభ్యంతరానికి ఇక్కడ జవాబు చెప్పాలి, ఎందుకంటే అది నా అభ్యంతరం కూడా. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద పోలీసు అధికారి మోకాలు మోపి ప్రాణం తీసినప్పుడు, 17 ఏళ్ల అమ్మాయి పేవ్‌మెంట్ మీద నిలబడి ఫోన్‌లో తీసింది. పోలీసుల మొదటి ప్రకటన దాన్ని అనారోగ్యంతో జరిగిన మరణంగా చెప్పింది. ఆ వీడియో లేకపోతే నిజం అక్కడే పూడిపోయేది. అటువంటి కెమెరాను ఆపే ఏ నియమాన్నీ నేను కోరడం లేదు. యూనిఫాం వేసుకున్నవారు, పదవిలో ఉన్నవారు, విధి నిర్వహణలో ఉన్న అధికారులు, నలుగురి ముందు మరొకరిని హింసించేవారు గోప్యత చాటున దాక్కోకూడదు. అధికారం వైపు తిప్పిన కెమెరా వేరు, ఏ అధికారమూ లేని మనిషి దుఃఖం వైపు తిప్పిన కెమెరా వేరు. 2021 నవంబరు 30న ట్విటర్, ప్రజా జీవితంలో లేని వ్యక్తుల ఫొటోలు, వీడియోలను వారు కోరితే తొలగిస్తామని ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే తీవ్రవాద భావాల గుంపులు, తమ చేష్టలను బయటపెడుతున్నవారి ఖాతాల మీద మూకుమ్మడి ఫిర్యాదులు చేశాయి, కొన్ని తప్పుడు నిర్ణయాలు జరిగాయని సంస్థ ఒప్పుకుంది. నియమం ఉంటే చాలదని, దాన్ని చూసే మనుషులు, అప్పీలు చేసుకునే దారి కూడా ఉండాలని ఆ అనుభవం చెబుతోంది. అంతేగాని నియమమే వద్దని చెప్పడం లేదు.

పై కారణాల వల్ల కింది కోరికలను మీ ముందుంచుతున్నాము.

వేదికల నిర్వాహకులకు:

1. ‘నేను ప్రజా జీవితంలో లేని వ్యక్తిని, నన్ను చూపించడానికి నా అనుమతి లేదు’ అని చెప్పుకునే ప్రత్యేక ఫిర్యాదు మార్గాన్ని ఏర్పాటు చేయాలి. దాన్ని మనిషి చదివి 48 గంటల్లో కారణాలతో జవాబివ్వాలి. నిర్ణయం వెలువడే వరకు ఆ వీడియోను కొత్తవారికి సూచించడం ఆపాలి.

2. ఒకసారి తొలగించిన వీడియో మళ్లీ ఎక్కకుండా గుర్తుపట్టే సాంకేతికతను ముఖాల గోప్యతకూ వాడాలి. యూట్యూబ్ పాటలను, సినిమాలను పోల్చుకునే కంటెంట్ ఐడీ వ్యవస్థను 2007లోనే తెచ్చింది. ముఖాలను మసకబరిచే సాధనాన్ని 2012లో ఇచ్చింది. సన్నిహిత చిత్రాల విషయంలో, అసలు చిత్రాన్ని ఎవరికీ పంపకుండా దాని డిజిటల్ ముద్రతోనే పోల్చి ఆపే పద్ధతి ఇప్పటికే అమలులో ఉంది. చేతకాదన్న మాట ఇక చెల్లదు. ఈ ఒక్క కోరికను నెరవేర్చినా మాలాంటి కుటుంబాలకు ఎంతో భారం తగ్గుతుంది. మా అక్క వీడియోకు ఇప్పటికి 11 నకళ్లు లెక్కతేలాయి, ప్రతి నకలుకూ మళ్లీ మొదటి నుంచి మొరపెట్టుకోవలసి వస్తోంది.

3. బాధితుల తరఫున కుటుంబ సభ్యులు, న్యాయవాదులు ఫిర్యాదు చేయడానికి వీలివ్వాలి. గుర్తింపు కోసం తీసుకున్న పత్రాలు, ఫొటోలను నిర్ణయం తర్వాత తొలగించి, తొలగించినట్లు తెలియజేయాలి.

4. ఫిర్యాదు న్యాయమైనదని తేలితే ఆ వీడియో మీద వచ్చిన ప్రకటనల ఆదాయాన్ని తీసినవారికి ఇవ్వకూడదు, మీరు ఉంచుకోకూడదు.

5. అధికారుల విధి నిర్వహణ, నేరాలకు సాక్ష్యం, వార్తా ప్రాధాన్యం ఉన్న వీడియోలకు స్పష్టమైన రక్షణ ఉండాలి. తప్పుడు ఫిర్యాదులతో వాటిని తీయించజూసేవారి మీద చర్య ఉండాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటిని ఎందుకు తిరస్కరించారో ఏటా ప్రకటించాలి.

శాసనకర్తలకు:

6. సొంత అవసరాల మినహాయింపు అందరికీ కనబడేలా పంచిన వీడియోలకు వర్తించదని చట్టంలో రాయాలి.

7. నేరంగా మార్చి జైళ్లు నింపమని మేము కోరడం లేదు. సామాన్యుడు న్యాయవాది ఖర్చు లేకుండా, తక్కువ కాలంలో తొలగింపును, తగిన పరిహారాన్ని పొందగలిగే సివిల్ మార్గం కావాలి. పిల్లల విషయంలో అనుమతి లేదన్నదే ప్రారంభ స్థానం కావాలి.

వీడియోలు తీసేవారికి:

8. మిమ్మల్ని శత్రువులుగా చూడడం లేదు. మీలో చాలామంది సరదాగానో, మంచి ఉద్దేశంతోనో తీస్తున్నారు. తీసిన తర్వాతైనా దగ్గరికి వెళ్లి అడగండి. వద్దంటే వారి ఎదుటే చెరిపేయండి. అడగడానికి మొహమాటంగా ఉందంటే, ఆ మొహమాటమే అది పంచకూడని వీడియో అని మీకు చెబుతోంది. ఎవరైనా ఏడుస్తూ, పడిపోయి, భయపడి కనిపిస్తే ముందు వారికి ఏమైనా కావాలేమో కనుక్కోండి. ఆ ఉదయం మెట్ల దగ్గర 19 సెకన్లు నిలబడగలిగిన మనిషికి, ‘ఏమైందమ్మా’ అని అడగడానికి అందులో సగం సమయం చాలేది.

ఆ వీడియో, దాని 11 నకళ్ల లంకెలు, ఇంతకు ముందు చేసిన ఆరు ఫిర్యాదుల నంబర్లు, వచ్చిన అయిదు జవాబుల ప్రతులు సంబంధిత ఫిర్యాదుల విభాగానికి ఈ రోజే ఏడోసారి పంపుతున్నాను. 30 రోజులలోగా, యంత్రం కాక మనిషి రాసిన జవాబును మా అక్కకు పంపవలసిందిగా కోరుతున్నాను. జవాబు ఏదైనా సరే, ఆమె అనుమతి ఉన్నంత మేరకు దాన్ని కూడా ఇలాగే అందరి ముందూ ఉంచుతాను.

ఇట్లు,
ఆ వీడియోలోని వ్యక్తి చెల్లెలు